ఏపీపీఎస్సీ చైర్మన్ పదవి: ప్రభుత్వం మారితే చైర్మన్ కూడా మారవలసిందేనా?

ప్రశ్న: బైరాగిపట్టెడ అభ్యర్థి

అందరికీ నమస్కారం. నేను మదనపల్లె దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చి, తిరుపతిలో గది తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ చైర్మన్ నియామకం గురించి చాలాకాలంగా నన్ను వేధిస్తున్న సందేహం ఒకటి ఉంది. రాజ్యాంగం చదివినవారు, కమిషన్ వ్యవహారాలను దగ్గర నుంచి చూసినవారు ఇక్కడ ఉన్నారన్న నమ్మకంతో అడుగుతున్నాను.

2022 ఫిబ్రవరిలో, అప్పటివరకు డీజీపీగా ఉన్న గౌతం సవాంగ్ గారిని చైర్మన్‌గా నియమించారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జూలైలో, పదవీకాలం ఇంకా మిగిలి ఉండగానే, ఆయన రాజీనామా చేశారు. అక్టోబరులో విశ్రాంత ఐపీఎస్ అధికారిణి ఏ.ఆర్. అనూరాధ గారిని కొత్త చైర్మన్‌గా నియమించారు. ఈ మధ్యకాలంలోనే, సెప్టెంబరులో జరగవలసిన 81 పోస్టుల గ్రూప్-1 మెయిన్స్ వాయిదా పడి, చివరకు 2025 మే నెలలో జరిగింది. చైర్మన్ లేకపోవడం వల్లనే వాయిదా పడిందని నేను అనడం లేదు. కానీ మా రీడింగ్ రూములో గోడమీది తెల్లబోర్డుపై పరీక్షకు ఇంకా ఎన్ని రోజులున్నాయో ఎవరో ఒకరు రోజూ రాసేవారు. వాయిదా వార్త వచ్చిన రోజున ఆ అంకెను చెరిపేసిన తర్వాత, కొత్త తేదీ తెలియక, ఆ బోర్డు చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది. వయోపరిమితి దగ్గరపడుతున్నవారికి ఆ ఖాళీ ఎంత భారంగా ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు.

నేను అడగదలచుకున్నది ఇది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాజ్యాంగబద్ధమైన సంస్థ అని పాలిటీ పుస్తకంలో మొదటి పేజీ నుంచి చదువుతాం. అలాంటి సంస్థకు అధిపతిగా ఉన్న వ్యక్తి ప్రభుత్వం మారగానే ఎందుకు వెళ్ళిపోవలసి వస్తోంది? అసలు ఆయనను ఎంపిక చేయడానికి ఒక పద్ధతి, ఒక అర్హత, ఒక ప్రకటన అంటూ ఏమైనా ఉన్నాయా? ధ్రువపత్రాల పరిశీలనలో పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా మేము సంజాయిషీ ఇచ్చుకోవాలి. మమ్మల్ని ఎంపిక చేసేవారు ఎలా ఎంపికయ్యారో తెలుసుకునే హక్కు మాకు లేదా?

దయచేసి దీనిని రెండు పార్టీల మధ్య తగవుగా మార్చవద్దని మనవి. ఎవరి హయాంలో ఎవరిని వేశారన్న జాబితా కంటే, ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందన్నది తెలుసుకోవాలని ఉంది.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

నాయనా, మంచి ప్రశ్న అడిగావు. రాజనీతిశాస్త్రం చెప్పినవాడిగా నాకు తెలిసినంతవరకు వివరిస్తాను. కొంచెం ఓపికగా చదువు.

రాజ్యాంగంలో 315 నుంచి 323 వరకు ఉన్న అధికరణాలు పబ్లిక్ సర్వీస్ కమిషన్లకు సంబంధించినవి. 316వ అధికరణం ప్రకారం రాష్ట్ర కమిషన్ చైర్మన్‌నూ సభ్యులనూ గవర్నర్ నియమిస్తారు. మంత్రిమండలి సలహా మేరకే నియమిస్తారు కనుక ఆచరణలో ఆ ఎంపిక ప్రభుత్వానిదే. సభ్యులలో సుమారు సగంమంది కేంద్ర ప్రభుత్వంలోనో రాష్ట్ర ప్రభుత్వంలోనో కనీసం పదేళ్లు పనిచేసినవారై ఉండాలని మాత్రం ఆ అధికరణం చెబుతుంది. చైర్మన్‌కు ప్రత్యేకించి ఏ అర్హతా చెప్పలేదు. దరఖాస్తులు పిలవాలని గానీ, ఒక సంఘం పరిశీలించాలని గానీ, ప్రతిపక్షాన్ని సంప్రదించాలని గానీ ఎక్కడా లేదు. నీ రెండో ప్రశ్నకు ఇదే సమాధానం: పద్ధతి లేదు.

ఇప్పుడు 317వ అధికరణం చూడు. చైర్మన్‌ను దుష్ప్రవర్తన ఆరోపణపై తొలగించాలంటే రాష్ట్రపతి ఆ విషయాన్ని సుప్రీంకోర్టుకు నివేదించాలి, కోర్టు విచారణ జరిపి తొలగించవచ్చని చెప్పాలి, ఆ తర్వాతనే రాష్ట్రపతి తొలగించాలి. నియమించిన గవర్నర్‌కు సైతం, విచారణ సాగుతున్నంతకాలం సస్పెండ్ చేసే అధికారమే తప్ప, తొలగించే అధికారం లేదు. నియామకం తర్వాత ఆయన సర్వీసు షరతులను ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదని 318 చెబుతోంది. కమిషన్ ఖర్చును శాసనసభ ఓటుతో పనిలేకుండా సంచిత నిధి మీద వేయాలని 322 చెబుతోంది. పదవి దిగాక మరో సర్వీస్ కమిషన్‌లోకి తప్ప ఇంకే ప్రభుత్వ ఉద్యోగంలోకీ వెళ్లకూడదని 319 అడ్డుకట్ట వేసింది. అంటే చైర్మన్ ఒకసారి కుర్చీలో కూర్చున్నాక ఆయన జోలికి ఎవరూ రాకుండా చుట్టూ ఇంత పెద్ద ప్రహరీ కట్టిన రాజ్యాంగం, లోపలికి ఎవరు రావాలో చూసే ద్వారం దగ్గర మాత్రం కాపలా పెట్టలేదు. వివాదమంతా ఆ ద్వారం దగ్గరే పుడుతోంది.

రాజ్యాంగ నిర్మాతలు దీనిని ఆలోచించలేదని అనుకోవద్దు. 316లో పదవీకాలం ఆరేళ్లు అని రాశారు. శాసనసభ కాలపరిమితి అయిదేళ్లు. కమిషన్ అధిపతి తనను నియమించిన ప్రభుత్వం కంటే ఎక్కువకాలం పదవిలో ఉంటాడు, కాబట్టి ఏ ఒక్క ప్రభుత్వానికీ రుణపడి ఉండనవసరం లేదన్న తర్కం ఆ ఆరేళ్ల గడువులో ఉందని నేను భావిస్తాను. కానీ అదే అధికరణంలో ఆరేళ్లు లేదా నిర్ణీత వయస్సు, వీటిలో ఏది ముందు వస్తే అది అని ఉంది. రాష్ట్ర కమిషన్‌కు ఆ వయస్సు మొదట అరవై. 1976లో 41వ సవరణతో అరవై రెండు అయింది. అఖిల భారత సర్వీసుల అధికారులు పదవీ విరమణ చేసేది అరవయ్యో ఏట. అంటే విరమణ చేసిన లేదా విరమణకు దగ్గరపడిన అధికారిని చైర్మన్‌గా వేసిన ప్రతిసారీ, రాజ్యాంగం ఉద్దేశించిన ఆరేళ్లు రెండేళ్లకో మూడేళ్లకో కుదించుకుపోతాయి. పొరుగు రాష్ట్రాన్ని చూడు. తెలంగాణలో 2024 జనవరిలో నియమితులైన మాజీ డీజీపీ మహేందర్ రెడ్డి గారికి అదే ఏడాది డిసెంబరులో అరవై రెండు నిండి పదవీకాలం ముగిసింది. ఏడాది కూడా లేని అధిపతి ఒక నోటిఫికేషన్‌ను మొదటినుంచి చివరిదాకా నడిపించగలరా?

దీనికి భిన్నమైన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2015 నవంబరులో చైర్మన్ అయిన ప్రొఫెసర్ ఉదయభాస్కర్ గారు విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవారు, వయస్సు మిగిలి ఉన్నవారు. 2019లో ప్రభుత్వం మారినా ఆయన 2021 నవంబరు వరకు, పూర్తి ఆరేళ్లు, పదవిలో ఉన్నారు. ఆయన కాలంలో అంతా సవ్యంగా జరిగిందని నేను అనడం లేదు, 2018 గ్రూప్-1 వివాదం అప్పుడే మొదలైంది. కానీ ప్రభుత్వం మారితే చైర్మన్ మారక తప్పదన్న మాట నిజం కాదని మాత్రం అది రుజువు చేస్తోంది.

సమాధానం: న్యాయవాది, చిత్తూరు

మాస్టారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ, కోర్టుల వైపు నుంచి కొంత కలుపుతాను.

ఈ అంశంపై అందరూ చదవవలసిన తీర్పు 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది. పంజాబ్ ప్రభుత్వం 2011లో హరీశ్ ధండా అనే లుధియానా న్యాయవాదిని పబ్లిక్ సర్వీస్ కమిషన్ చైర్మన్‌గా నియమించింది. ఆయన అప్పటిదాకా శాసనసభ్యుడు, నియామకానికి ముందే ఆ సభ్యత్వానికి రాజీనామా చేశారు. సలిల్ సభ్‌లోక్ అనే న్యాయవాది హైకోర్టుకు వెళ్లారు, హైకోర్టు ఆ నియామకాన్ని కొట్టివేసింది, సుప్రీంకోర్టు కూడా కొట్టివేతను సమర్థించింది. రాజ్యాంగంలో అర్హతలు రాయకపోయినా, నిజాయితీ, సామర్థ్యం, పాలనానుభవం ఉన్నవారినే నియమించాలన్న బాధ్యత ఆ పదవి స్వభావంలోనే ఉందని, పార్టీ అనుబంధం తప్ప మరే ఆధారమూ పరిశీలించకుండా చేసిన నియామకం నిలవదని ఆ తీర్పు సారాంశం. పంజాబ్‌కు ఆ విషయం తెలియనిదేమీ కాదు. అదే కమిషన్‌కు అధిపతిగా ఉన్న రవి సిద్ధూ 2002లో ఉద్యోగాలు అమ్ముకున్న ఆరోపణలపై అరెస్టు కావడం దేశమంతా చూసింది.

అయితే ఆ తీర్పులో మరో సగం ఉంది, దానిని చాలామంది చెప్పరు. ఎంపిక సంఘం ఉండాలి, అది ఇలా ఉండాలి అంటూ హైకోర్టు పెట్టిన విధానాన్ని సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. రాజ్యాంగం గవర్నర్‌కు ఇచ్చిన అధికారానికి కోర్టు కొత్త మెట్లు చేర్చజాలదని దాని అభిప్రాయం. ఆ పని ప్రభుత్వమే చేయాలని, నియామకాలలో ఇష్టారాజ్యానికి తావు లేకుండా మార్గదర్శకాలు రూపొందించుకోవాలని జస్టిస్ మదన్ బి. లోకూర్ తన విడి తీర్పులో గట్టిగా చెప్పారు. అంటే బంతి మళ్లీ ప్రభుత్వం చేతికే వచ్చింది. తమ చేతులను తామే కట్టుకునే నియమం రాయడానికి ఏ ప్రభుత్వం ఉత్సాహపడుతుంది?

ఇక తొలగింపు విషయం. మన జిల్లావారికి 2020లో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ విషయంలో జరిగినదంతా జ్ఞాపకం ఉంటుంది. కరోనా కారణంగా ఆ ఏడాది మార్చి 15న స్థానిక ఎన్నికలను అప్పటి కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది, ఆయన పదవి ముగిసిందన్నది, మరునాడే విశ్రాంత న్యాయమూర్తి కనగరాజ్ గారు బాధ్యతలు తీసుకున్నారు. మే 29న హైకోర్టు ఆర్డినెన్స్‌ను కొట్టివేసింది, సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు, జూలై చివరలో ఆయన పునర్నియామకానికి ఉత్తర్వులు వచ్చాయి. ఆ తర్వాత 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మన చిత్తూరు జిల్లాలోనూ గుంటూరులోనూ ఏకగ్రీవాలను ప్రకటించకుండా ఆయన ఆపడం, దానిపై మళ్లీ కోర్టుకు వెళ్లడం, ఇవన్నీ మన పల్లెల్లో రచ్చబండల దగ్గర చర్చించినవే. ఆయన నిర్ణయాలన్నీ సరైనవా కావా అన్నది వేరే విషయం. రాజ్యాంగం రక్షణ ఇచ్చిన పదవిలో ఉన్న మనిషి నేను వెళ్లనని నిలబడితే కోర్టులు ఆయన వెనుక నిలిచాయన్నది ఇక్కడ ముఖ్యం.

రాజీనామా అలా కాదు. పదవిలో ఉన్నవారు తమంతట తాము గవర్నర్‌కు లేఖ పంపి, దానిని ఆమోదించిన తర్వాత, వెనుక ఒత్తిడి ఉందో లేదో చూడడానికి కోర్టులకు పెద్దగా అవకాశం ఉండదు. అందుకే అభ్యర్థి అడిగిన మొదటి ప్రశ్నకు నా సమాధానం: చట్టం ఎవరినీ వెళ్లమనలేదు, ఎవరినీ పంపించనూలేదు. ఫలానా ప్రభుత్వం తెచ్చిన మనిషి అన్న ముద్ర నియామకం రోజునే పడుతుంది. ఆ ప్రభుత్వం దిగిపోగానే, కొత్త ప్రభుత్వంతో సాగడం కష్టమని అటువారికీ ఇటువారికీ అనిపిస్తుంది. నియామకం పారదర్శకంగా జరిగి ఉంటే ఆ ముద్ర అంత గట్టిగా పడదు.

సమాధానం: శ్రీకాళహస్తి ఉద్యోగిని

నేను గ్రూప్-2 ద్వారా ఎంపికై రెవెన్యూ శాఖలో పనిచేస్తున్నాను. పెద్దలు ఇద్దరూ చెప్పిన చట్టం సరైనదే. కానీ అభ్యర్థిగా ఏళ్లు గడిపిన అనుభవంతో ఒక విషయంలో విభేదిస్తున్నాను. చైర్మన్ ఏ ప్రభుత్వం తెచ్చిన మనిషి అన్నదానికి మనం ఇవ్వవలసినంత కంటే ఎక్కువ విలువ ఇస్తున్నామని నా అభిప్రాయం.

2025 ఫిబ్రవరి 23న జరిగిన గ్రూప్-2 మెయిన్స్‌ను గుర్తు చేసుకోండి. రోస్టర్ పాయింట్లలో, అంటే రిజర్వేషన్ల ప్రకారం ఏ పోస్టు ఏ వర్గానికన్న వరుసలో, తప్పులున్నాయని, వాటిని సరిచేసిన తర్వాతే పరీక్ష పెట్టాలని అభ్యర్థులు రోడ్లమీదికి వచ్చారు. పరీక్షకు ముందురోజు, వాయిదా వేయవలసిందిగా ప్రభుత్వమే కమిషన్‌కు లేఖ రాసింది. కమిషన్ వాయిదా వేయలేదు, ప్రకటించిన తేదీనే పరీక్ష జరిపింది. నాలుగు నెలల కిందట ఆ ప్రభుత్వమే నియమించిన చైర్మన్ నాయకత్వంలోని కమిషన్ అది. స్వతంత్రత అంటే ఇదే కదా? మరి ఆ రోజు చాలామంది అభ్యర్థులు ఆ స్వతంత్రతను చూసి సంతోషించలేదు, ప్రభుత్వం చెప్పినా వినరా అని ఆగ్రహించారు. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. మనం కోరుకుంటున్నది ప్రభుత్వం మాట వినని కమిషన్‌నా, లేక మనకు అనుకూలమైనప్పుడు వినే కమిషన్‌నా అన్నది మనం తేల్చుకోవాలి.

రెండో మాట. 2018 గ్రూప్-1 వ్యవహారాన్ని చూస్తే, మెయిన్స్ జవాబు పత్రాలను డిజిటల్ పద్ధతిలో దిద్దించడం, దానిని హైకోర్టు అంగీకరించక చేతితో దిద్దమనడం, ఆ దిద్దుబాటు ఎన్నిసార్లు జరిగిందన్న దానిపై మళ్లీ వ్యాజ్యాలు, 2024 మార్చిలో సింగిల్ జడ్జి మెయిన్స్‌నే రద్దు చేయడం, డివిజన్ బెంచి దానిపై స్టే ఇవ్వడం, ఇదంతా ఒక చైర్మన్ కాలానికో ఒక ప్రభుత్వానికో పరిమితం కాలేదు. అప్పటికే ఉద్యోగాల్లో చేరి ఆర్డీఓలుగా, డీఎస్పీలుగా పనిచేస్తున్నవారు రేపు ఏమవుతుందో తెలియక గడిపారు. ఎంపిక కానివారు, తమకు అన్యాయం జరిగిందో లేదో తెలియక గడిపారు. జవాబు పత్రం ఎవరు దిద్దాలి, ఎక్కడ దిద్దాలి, రెండు మూల్యాంకనాల మధ్య ఎంత తేడా వస్తే మూడోదానికి పంపాలి, ఆ రికార్డు ఎవరి కస్టడీలో ఉండాలి అన్నవి ముందే రాసి, అందరికీ తెలిసేలా ప్రచురించి ఉంటే, చైర్మన్ ఎవరైనా ఇంత నష్టం జరిగేది కాదు.

అందుకే నా దృష్టిలో చైర్మన్ పేరు కంటే ముఖ్యమైనవి కమిషన్ లోపలి నియమాలు. రోజువారీ పాలనంతా కార్యదర్శి చేతుల మీదుగా నడుస్తుంది. ఆ కార్యదర్శిని పంపేదీ, వెనక్కి పిలిచేదీ ప్రభుత్వమే. ఆయన బదిలీల గురించి ఏ పత్రికా పెద్ద అక్షరాలతో రాయదు.

బైరాగిపట్టెడ అభ్యర్థి

అక్కా, మీరు చెప్పిన మాట నన్ను ఆలోచింపజేసింది. ఫిబ్రవరి 23 గురించి మా రీడింగ్ రూములోనూ రెండు అభిప్రాయాలు ఉండేవి. పరీక్ష అయిపోతే చాలు అన్నవారూ ఉన్నారు.

కానీ ఒక్క విషయం మీ ముందు పెడతాను. గ్రూప్-1లో మెయిన్స్ 750 మార్కులకు, ఇంటర్వ్యూ 75 మార్కులకు. ఒక్క మార్కుతో, అర మార్కుతో పోస్టు డిప్యూటీ కలెక్టర్ నుంచి వేరే శాఖకు మారిపోయే చోట 75 మార్కులు చిన్నవి కావు. ఇంటర్వ్యూ బోర్డులు ఎన్ని వేయాలి, ఏ సభ్యుడు ఏ బోర్డులో కూర్చోవాలి, బయటి నిపుణులుగా ఎవరిని పిలవాలి అన్నవి కమిషన్ పెద్దల చేతిలో ఉన్నవే. కార్యదర్శి ఆ బోర్డులో కూర్చుని మార్కులు వేయరు, చైర్మనూ సభ్యులూ వేస్తారు. ఆ గదిలోకి వెళ్లే పిల్లవాడు పుంగనూరు నుంచి వచ్చినా పలాస నుంచి వచ్చినా, ఎదురుగా కూర్చున్నవారు ఎవరి మనుషులోనన్న అనుమానంతో లోపలికి అడుగుపెట్టకూడదు. ఆ కూర్చున్నవారు నిజంగా నిష్పక్షపాతులే కావచ్చు. ఆ అనుమానానికి తావు లేకుండా చేసే బాధ్యత మాత్రం నియమించేవారిదే కదా? నియమాలు ముఖ్యమే, కానీ వాటిని రాసేదీ అమలు చేసేదీ ఆ కుర్చీలో ఉన్నవారే.

ఇంతకూ ఒక రాష్ట్రంలోనైనా దరఖాస్తులు పిలిచి చైర్మన్‌ను ఎంపిక చేశారా?

సమాధానం: పీలేరు ఉపాధ్యాయుడు

ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కలిసి ఎంపిక చేసేలా చట్టం తెస్తే సమస్య తీరిపోతుంది. కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌కూ సమాచార కమిషనర్లకూ సంఘాలు ఉన్నప్పుడు, లక్షలమంది నిరుద్యోగుల భవిష్యత్తు చేతిలో ఉన్న పదవికి ఎందుకు ఉండకూడదు?

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

ముందు అభ్యర్థి ప్రశ్నకు. తెలంగాణలో ప్రశ్నపత్రాల లీకేజీ తర్వాత కమిషన్ ప్రతిష్ఠ బాగా దెబ్బతింది, 2023 డిసెంబరులో చైర్మన్ జనార్దన్ రెడ్డి గారు రాజీనామా చేశారు. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం చైర్మన్, సభ్యుల పదవులకు బహిరంగంగా దరఖాస్తులు ఆహ్వానించి, ప్రధాన కార్యదర్శి తదితర అధికారులతో వాటిని పరిశీలింపజేసింది. ఆ నియామకం ఏడాది లోపే ముగిసిందని నేను పైన విమర్శించాను. ఆ విమర్శ వయస్సు గురించి. దరఖాస్తులు పిలిచిన పద్ధతి మాత్రం ముందడుగు అని ఒప్పుకోవాలి. రాజ్యాంగాన్ని సవరించకుండానే, చట్టం కూడా అక్కర లేకుండానే, ఒక రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే అది చేయగలదని తేలింది.

పీలేరు మాస్టారి సూచన విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. సంఘం ఉన్నంత మాత్రాన సరిపోదని 2010లో పి.జె. థామస్‌ను కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా నియమించినప్పుడు తెలిసింది. ప్రధానమంత్రి, హోంమంత్రి ఒక వైపు, ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్ ఒక వైపు నిలిచారు. ఆమె అసమ్మతిని పక్కన పెట్టి నియామకం జరిగింది. 2011 మార్చిలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆయనపై కేరళ పామోలిన్ నూనె దిగుమతి కేసు పెండింగులో ఉందన్న విషయాన్ని, దానికి సంబంధించిన నోట్లను సరిగ్గా పరిశీలించలేదన్నది కోర్టు ఆక్షేపణ. సంఘంలో ప్రభుత్వానిదే మెజారిటీ అయితే, కనీసం అసమ్మతి తెలిపినవారి కారణాలూ వాటిని తోసిపుచ్చిన కారణాలూ కాగితంమీద ఉండాలి. 2023 మార్చిలో ఎన్నికల కమిషనర్ల ఎంపిక సంఘంలో సుప్రీంకోర్టు భారత ప్రధాన న్యాయమూర్తిని చేర్చింది. ఆ ఏడాది డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసి ఆయన స్థానంలో కేంద్రమంత్రిని పెట్టింది. సంఘం కూర్పులోనే అసలు కథ ఉంటుందనడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

మన రాష్ట్రంలో మరో చిక్కు ఉంది. 2024 ఎన్నికల తర్వాత శాసనసభలో ప్రతిపక్ష నాయకుడి హోదాపైనే వివాదం నడిచింది. సంఘంలో ప్రతిపక్ష నాయకుడు అని రాసి ఊరుకుంటే, అలాంటి సభలో ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది. సమాచార హక్కు చట్టం రాసినవారు దీనిని ముందే ఊహించారు. గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడు లేనప్పుడు, ప్రతిపక్షంలో అతిపెద్ద ఏకైక పక్షానికి నాయకుడైన వ్యక్తినే ప్రతిపక్ష నాయకుడిగా పరిగణించాలని వివరణ చేర్చారు. మనం అడిగే పద్ధతిలో ఆ వాక్యం తప్పకుండా ఉండాలి. దానితో పాటు, నియామకం నాటికి అభ్యర్థికి కనీసం నాలుగేళ్ల పదవీకాలం మిగిలి ఉండాలన్న షరతు కూడా ఉండాలని నా పట్టు. ఇది ఉంటే విరమణ అంచున ఉన్నవారిని తెచ్చి కూర్చోబెట్టే అలవాటు దానంతట అదే తగ్గుతుంది. విశ్వవిద్యాలయాల నుంచి, న్యాయరంగం నుంచి, సైన్స్ సంస్థల నుంచి యాభై ఏళ్ల వయస్సువారు ఎందుకు రాకూడదు?

శ్రీకాళహస్తి ఉద్యోగిని

ఇంటర్వ్యూ గురించి అభ్యర్థి చెప్పిన మాట ఒప్పుకుంటున్నాను. దానితో పాటు, మీరు అడిగే పద్ధతిలో ఖాళీ గురించి ఒక నియమం పెట్టించండి. చైర్మన్ పదవి ఎప్పుడు ఖాళీ అవుతుందో వయస్సును బట్టి నెలల ముందే తెలుస్తుంది. రాజీనామా అయితే తెలియదు. 316లోనే, ఖాళీ ఏర్పడితే సభ్యులలో ఒకరికి ఆ బాధ్యతలు అప్పగించే ఏర్పాటు ఉంది. కానీ తాత్కాలికంగా కూర్చున్నవారు పెద్ద నిర్ణయాలకు వెనకాడతారు, అది మనుషుల సహజ స్వభావం. కొత్త చైర్మన్‌ను ఇన్ని రోజుల్లో నియమించాలన్న గడువు ఉంటే, పరీక్షల క్యాలెండర్ కొంతైనా నిలుస్తుంది.

న్యాయవాది, చిత్తూరు

చర్చ ఇంతదూరం వచ్చింది కనుక, చేయదగిన పని చెబుతాను. తిరుపతిలో చదువుకుంటున్న మీరంతా పట్టభద్రులే. మనది తూర్పు రాయలసీమ పట్టభద్రుల నియోజకవర్గం, శాసనమండలిలో మనకు ప్రతినిధి ఉన్నారు. ఈ అంశంపై మండలిలో ప్రశ్న వేయమని రాతపూర్వకంగా కోరండి. 323వ అధికరణం ప్రకారం కమిషన్ వార్షిక నివేదికను, కమిషన్ సలహాను ప్రభుత్వం పాటించని సందర్భాలకు కారణాలతో సహా, చట్టసభ ముందు ఉంచాలి. గడచిన నివేదికలు ఎప్పుడెప్పుడు సభ ముందుకు వచ్చాయో కూడా అదే ప్రశ్నలో అడిగించండి.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. వెలగపూడి సచివాలయంలో సాధారణ పరిపాలన శాఖ ప్రజా సమాచార అధికారి పేరిట, పది రూపాయల రుసుముతో పంపవచ్చు. ఫలానా వారిని ఎందుకు నియమించారు అని అడగవద్దు. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వనవసరం లేదని తిప్పి పంపుతారు. గత మూడు చైర్మన్ నియామకాలకు సంబంధించిన ఫైలు నోట్‌షీట్ల నకళ్లు, పరిశీలించిన పేర్ల సంఖ్య, నియామకానికి వర్తింపజేసిన మార్గదర్శకాలు ఏవైనా ఉంటే వాటి ప్రతి, ఇలా రికార్డును అడగండి. మంత్రిమండలి పత్రాలంటూ సమాచార హక్కు చట్టం 8(1)(ఐ) కింద తిరస్కరించే అవకాశం ఉంది. కానీ నిర్ణయం తీసుకుని, విషయం ముగిసిపోయిన తర్వాత ఆ నిర్ణయాన్నీ దాని కారణాలనూ ఆధారాలనూ వెల్లడించాలని అదే నిబంధనలో ఉంది, ఆ వాక్యాన్ని దరఖాస్తులోనే ఉటంకించండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి.

అభ్యర్థి గారూ, మీరూ మీ స్నేహితులూ ముసాయిదా రాసి ఇక్కడ పెట్టండి. భాష సరిచూసి ఇస్తాను. దరఖాస్తు మాత్రం ఒక్కరి పేరుతోనే వెళ్లాలి. పదిమంది సంతకాలతో పంపితే, ఎవరు అడిగారన్న అభ్యంతరం పెట్టి కాలం గడపడానికి వారికి ఒక సాకు దొరుకుతుంది.